పోయొస్త అన్న మాట

మా మామయ్యగారు కొమురయ్య మా పార్టీకి ఎన్నడూ ఓటేసిన మనిషి కాదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. నేను ఆస్ట్రేలియా ప్రతిపక్షంలో ఇంధన శాఖ షాడో మంత్రి జూడిత్ హార్లాండ్ దగ్గర విధాన సలహాదారుని. ప్రభుత్వం చేసే పనిలో తప్పులు వెతకడం, మేమైతే ఏం చేస్తామో రాయడం, రాసినదాన్ని మా పార్టీవాళ్ళే చింపేస్తే మళ్ళీ రాయడం నా ఉద్యోగం. కొత్తలో ఈ సంగతి చెప్పినప్పుడు మామయ్యగారు కాసేపు ఆలోచించారు.

"నీడ మంత్రా? అంటే అసలు మంత్రికి గొడుగు వట్టేటామెనా?"

"కాదు మామయ్యగారూ. అసలు మంత్రి ఏం చేసినా ఈవిడ కాదనాలి."

"గంతేనా! మీ అత్త బతికినన్నొద్దులు నాకు గదే కొలువు చేసింది. జీతం లేకుండ."

అత్తయ్య పేరు సమ్మక్క. నేను కాపరానికొచ్చిన కొన్నేళ్ళకే పోయింది. మామయ్యగారిది వరంగల్ దగ్గర పల్లె. పాల్వంచ కరెంటు కేంద్రంలో పని నేర్చి, విక్టోరియా రాష్ట్రంలోని ఈ బరాంబా లోయకి వచ్చి, ఇక్కడి బొగ్గు కేంద్రంలో టర్బైన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన పాణి అదే కేంద్రంలో ఎలక్ట్రీషియన్. నేను తణుకు పిల్లని. ఇంట్లో ముగ్గురం. నాలుగో మనిషి కోసం నేనూ పాణీ మెల్‌బోర్న్ ఆస్పత్రుల చుట్టూ చాలా ఏళ్ళు తిరిగాం. ఒకరోజు కారులో ఇంటికొస్తూ ఇక చాలనుకున్నాం. ఆ రోజు మామయ్యగారు మా మొహాలు చూసి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పప్పుచారు కాచి, అప్పడాలు వేయించి, "కూసోండ్రి, తిందురు" అన్నారు. ఆ తరువాత కూడా ఎప్పుడూ అడగలేదు. అందుకు ఆయనకి మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో నాకే తెలీదు.

ఇక మా పార్టీ సంగతి. వరసగా రెండు ఎన్నికలు ఓడాం. నగరాల్లో మాకు మిగిలిన ఎంపీలందరూ ఒకే వ్యానులో పట్టేస్తారని పత్రికలవాళ్ళు ఎగతాళి చేసేవారు. మా చిక్కల్లా బొగ్గు. కేంద్రాలు మూసేస్తామంటే లోయలో తరిమి కొడతారు. ఎప్పటికీ మూయమంటే నగరాల్లో మొహం మీదే తలుపేస్తారు. లోయలో ఒక మాట, నగరంలో ఒక మాట చెప్పి చూశాం. అందరి చేతిలోనూ ఫోన్లున్న రోజుల్లో ఆ తెలివి ఎన్నాళ్ళు నిలుస్తుంది? రెండు మాటలూ రెండుచోట్లా వినబడ్డాయి. జూడిత్ గెలిచింది ఈ లోయ నుంచే. ఈసారి తన సీటు కూడా ఊగుతోందని ఆమెకి తెలుసు.

అప్పుడే విశ్వవిద్యాలయంలో డాక్టర్ గ్రేటా లిండ్‌సే తయారుచేసిన రేపటి గది గురించి విన్నాం. నేనూ జూడిత్ చూడ్డానికి వెళ్ళాం.

గదిలో ఏమీ లేదు. ఒక పడక కుర్చీ, తలకి పెట్టుకునే మెత్తటి టోపీ ఒకటి, అంతే. "పదిహేనేళ్ళ తరవాత మీ ఊళ్ళో ఒక మామూలు రోజు గడిపి రండి" అంది గ్రేటా. జూడిత్ కళ్ళు మూసుకుంది. మేం బయట టీ తాగేంతలో ఆమె లోపల ఒక రోజంతా గడిపి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"మా అన్నయ్య వచ్చాడు. గడ్డం పెంచాడు. నా చేతి కాఫీ తాగాడు."

అన్నతో ఆమెకి ఏళ్ళ తరబడి మాటల్లేవని నాకు తెలుసు.

"మీరు ఏ విధానం చెబితే ఆ విధానం ప్రకారం జీతాలు, బస్సులు, దుకాణాలు, బడులు లెక్కగట్టి ఊరిని యంత్రం కడుతుంది. అందులోకి మనుషుల్ని మాత్రం మీరే తెచ్చుకుంటారు. కోరుకున్నవాళ్ళని" అంది గ్రేటా.

ఇంతకీ మనుషులకి ఆ రోజు నచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. అక్కడే గ్రేటా మొహం వెలిగింది. యంత్రం ఏమీ అడగదట. సర్వేల్లో జనం అడిగినవాడికి నచ్చేదే చెబుతారు. సెలవు తీసుకునేటప్పుడు మాత్రం ఎవరూ నటించరని ఆమె నమ్మకం. అందుకని లోపలున్న మనిషి ఎవరి దగ్గర ఏ మాటతో సెలవు తీసుకున్నాడో యంత్రం వింటుంది. బై అంటే ఆ రోజు మూసుకుపోతుంది, జ్ఞాపకం కూడా కలలాగా నాలుగు రోజుల్లో చెరిగిపోతుంది. మళ్ళీ వస్తానంటే ఆ మనిషికి ఆ రోజు కావాలన్నమాట. యంత్రం దాన్ని గట్టి మద్దతుగా రాసుకుంటుంది, ఆ రోజుని తెరిచి ఉంచుతుంది.

"మళ్ళీ వస్తానని ఎవరైనా అంటారా?" అని అడిగింది జూడిత్.

"నూటికి ఒకళ్ళో ఇద్దరో" అంది గ్రేటా.

వారం తిరిగాక అన్నయ్య గడ్డం ఊసెత్తితే జూడిత్ "ఏ గడ్డం?" అంది. యంత్రం పనిచేస్తుందని మాకు నమ్మకం కుదిరింది.

మా చేతిలో రెండు విధానాలుండేవి. జూడిత్, నేనూ కూర్చుని రాసింది చిన్నది. కేంద్రంలో ఒక యూనిట్ ఆపాలంటే, దానికి బదులుగా లోయలో మరో పనిచోటు అప్పటికే తెరుచుకుని ఉద్యోగాలిస్తూ ఉండాలి, ఈలోగా కార్మికులకి జీతంతో శిక్షణ. ఆకర్షణ లేని విధానం, కానీ ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో ప్రతి పైసాకీ చూపించాం. రెండోది మా నాయకుడు రస్ మెకిన్లీకి ఇష్టమైనది, 'ప్రతి గడపకీ పని'. కేంద్రం మూసిన రోజే లోయలో ప్రతి కుటుంబానికీ కొత్త ఉద్యోగం. ఎక్కడ, ఎవరి డబ్బుతో అని అడిగితే రస్ చెయ్యి గాల్లో ఊపేవాడు. గదిలో పరీక్షకి పెట్టింది సహజంగానే రస్‌దే.

దేశమంతటి నుంచీ వాలంటీర్లు కూర్చున్నారు. మెల్‌బోర్న్ పడమటి శివార్ల నుంచి మన తెలుగువాళ్ళూ తమిళులూ చాలామంది వచ్చారు. లోయ నుంచి రిటైరైనవాళ్ళు కావాలంటే మామయ్యగారు తనే ముందుకొచ్చారు.

"ఓటెయ్య గని, కూసుంట. నీ కొలువుకు జర ఆసరైతది."

ఫలితం చూసి రస్ ఆఫీసులో నిజంగానే గెంతాడు. మామూలు ఊళ్ళల్లో సాదాసీదాగా ఉన్న మద్దతు, పడమటి శివార్లలో ఒక్కసారిగా ఆకాశానికి లేచింది. ఆ శివార్లు మాకొస్తే ప్రభుత్వం మాదే. మనవాళ్ళకి మా పార్టీ మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని నేను ఆశ్చర్యపోయాను, కొంచెం గర్వపడ్డాను కూడా. వచ్చే మంగళవారం ప్రకటన అని ఖరారైంది.

ఆ ముందు గురువారం మా ఊరి ప్రాథమిక పాఠశాల ప్రిన్సిపాల్ మిసెస్ ట్రాన్ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా, నసుగుతూ మాట్లాడింది.

"మీ మామగారు ఈ మధ్య రోజూ బడి వదిలే వేళకి గేటు దగ్గర ఉంటున్నారు. మంచివారే, అందరికీ నమస్కారం పెడుతున్నారు. కానీ తల్లిదండ్రులు అడుగుతున్నారు, ఆయన ఎవరి పిల్ల కోసం వస్తున్నారని."

వెంటనే బయల్దేరాను. నేను వెళ్ళేసరికి పిల్లలందరూ వెళ్ళిపోయారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో చిన్న టిఫిను డబ్బాతో, ఖాళీ గేటు వంక చూస్తూ నిలబడి ఉన్నారు.

"ఎవరి కోసం మామయ్యగారూ?"

"సమ్ము కోసం."

సమ్ము అంటే సమ్మక్క. అత్తయ్య పోయిన సంగతే మరిచిపోయారా అనుకున్నాను. కారులో కూర్చోబెట్టి మెల్లిగా, "అత్తయ్య లేరు కదండీ" అన్నాను.

"గది నాకెరుక లేదా? మీ అత్త కాదు. పాప." డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టారు. "నీ బిడ్డ."

నేను తాళం తిప్పబోయి ఆగి, ఆయన వైపు తిరిగాను.

"గా గదిల కూసున్ననాడు ఒచ్చింది. మీ అత్త పేరే వెట్టిన్రు మీరు. బడిల సామ్ అంటరట, ఇంట్ల సమ్ము. ముందు పండ్లు రెండు ఊడినయి. ఒక కాలుకు ఎర్ర సాక్సు, ఒక కాలుకు నీలిది. అట్లనే పోత అంటది, వినది. గా నల్లటి వెజిమైట్ ముద్ద రాసిన రొట్టె మీద ఆవకాయ ఏసుకోని తింటది. తణుకు బుద్ధి!"

నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి.

"నన్ను... అమ్మా అందా?"

"అన్నది. నీకు ఫోను గూడ చేసింది. నువ్వు మీటింగుల ఉన్నవ్, ఎత్తలే."

ఆ జరగని రోజులో కూడా నేను మీటింగులోనే ఉన్నానని విని, నా మీద నాకే జాలేసింది. ఆయన నా భుజం తట్టారు. ఇన్నేళ్ళు ఆ ఊసే ఎత్తని మనిషి, తనకి కూడా మనవరాలు కావాలని ఎంత లోపల దాచుకున్నారో అప్పుడు తెలిసింది. మమ్మల్ని నొప్పించకూడదని దాచుకున్నారు. ఆ గది ఆయన్ని అడక్కుండానే దాన్ని బయటికి తీసింది.

"అది నిజం కాదని తెలుసు కదా మామయ్యగారూ?"

"ఎరికె. పొద్దుగాల మంచిగ ఎరికెనే ఉంటది. పగటీలికి జర మసకైతది. బడి ఇడిశే యాళకు మాత్రం పోకుంటే ఎట్ల అనిపిస్తది. ఎదురుచూస్తది గద బిడ్డా. నేను చెప్పొచ్చిన."

"ఏమని చెప్పొచ్చారు?"

ఆయన నా వంక వింతగా చూశారు.

"ఏమని చెప్త? పోయొస్త అన్న."

ఆ మాటతో నాకు సంగతి అర్థమైంది.

మనలో ఎవరైనా గడప దాటుతూ 'పోతున్నా' అంటారా? వెళ్ళొస్తాననే అంటాం, మళ్ళీ జన్మలో ఆ ఇంటి మొహం చూడకపోయినా సరే. నచ్చని పెళ్ళిసంబంధం చూసి లేచినా వెళ్ళొస్తామనే లేస్తాం. తమిళులదీ అదే తీరు, కన్నడంవాళ్ళదీ అంతే. యంత్రానికి భాషలు నేర్పినవాళ్ళు దాన్ని మాటకి మాటగా మార్చేశారు. మళ్ళీ వస్తాను! పడమటి శివార్లలో మన జనమంతా రస్ విధానానికి నీరాజనం పట్టలేదు. పెద్దలు నేర్పిన మర్యాదతో సెలవు తీసుకున్నారు, అంతే. యంత్రం వాళ్ళందరి మద్దతూ రాసేసుకుంది. వాళ్ళందరి రోజులూ మూయకుండా వదిలేసింది.

కారు అక్కడినుంచే గ్రేటా దగ్గరికి తిప్పాను.

గ్రేటా అంతా విని రికార్డులు తెరిచింది. తరువాత తెలుగు గొంతులు ఒకటొకటే వినిపించింది. వెళ్ళొస్తానండీ. పోయొస్త. ఎల్లొస్తా మరి. ప్రతి గొంతు పక్కనా ఆకుపచ్చ గుర్తు.

"మద్దతు సంగతి తరవాత. ఈ రోజులు తెరిచి ఉండటం ప్రమాదం" అంది ఆమె. "తీరిక లేనివాళ్ళకి ఫరవాలేదు, వాళ్ళు అటు వెళ్ళరు. మీ మామగారు మనసులో రోజూ అక్కడికి వెళ్తున్నారు. వెళ్ళినకొద్దీ ఆ రోజు గట్టిపడుతుంది, అసలు రోజులు పలచబడతాయి. ఇంకొన్ని వారాలైతే మిమ్మల్ని చూసి ఎవరని అడుగుతారు."

"మీరే మూసేయలేరా?"

"బలవంతంగా మూస్తే దానితో ముడిపడ్డవన్నీ పోతాయి. ఆ పాపకి ఆయన భార్య పేరు ఉందన్నారు కదా. ముందు పోయేది ఆవిడ జ్ఞాపకాలే. ఆయనే లోపలికెళ్ళి సెలవు తీసుకోవాలి."

కానీ గదిని అలా తెరవడానికి లేదు. పార్టీలు అంకెలు మార్చుకుంటాయని గ్రేటా మొదట్లోనే ఒక నియమం పెట్టుకుంది. ముద్ర వేసిన ఫలితంలో ఒక్క మనిషి రోజుని మళ్ళీ తెరిచినా, ఆ ఫలితం మొత్తం చెల్లదని పార్టీ బహిరంగంగా చెప్పాలి. అందుకు షాడో మంత్రి సంతకం కావాలి.

మర్నాడు జూడిత్ ఆఫీసులో రస్ కూడా ఉన్నాడు. నేను అంతా చెప్పాను. జూడిత్ ముందు పగలబడి నవ్వింది.

"అంటే మనకి ఓటేస్తామన్నవాళ్ళంతా మర్యాదగా బయటికి నడిచారన్నమాట!"

రస్ నవ్వలేదు. "ఎన్నికలయ్యాక తెరుద్దాం. వారాల మాటే కదా. ఈ అంకె చూపించే ఎంపీలందరినీ ఒకతాటి మీదికి తెచ్చాను. ఇప్పుడు చెల్లదంటే మనం నవ్వులపాలవుతాం. హైమా, మీ మామగారికి మంచి డాక్టర్ని చూపిద్దాం, ఖర్చు పార్టీది."

నేను జూడిత్ వంక చూశాను. జీతం తీసుకునే మనిషిని. రస్ చెడ్డవాడు కాదు. రెండుసార్లు ఓడిన మనిషి చేతికి దొరికిన ఒకే ఒక్క తాడుని వదలమంటే ఎలా వదులుతాడు?

జూడిత్ కిటికీ దగ్గర నిలబడింది. "రస్, మనం రెండుసార్లు ఎందుకు ఓడామో ఇప్పుడర్థమైంది. వాళ్ళు గుమ్మంలో మర్యాదగా ఏదో అన్నారు. మనం దాన్ని అవునని రాసుకున్నాం. మళ్ళీ అదే చేయమంటావా? అదీ ఒక ముసలాయన బుర్ర పాడుచేసి?"

"నీ సీటు పోతుంది జూడిత్."

"పోవచ్చు. కలం ఇలా ఇవ్వు హైమా."

మూత తీసి ఇచ్చాను. రాజకీయాల్లో నేను చాలా సంతకాలు చూశాను. చూస్తూ ఏడ్చింది ఆ ఒక్కదానికే.

సోమవారం పొద్దున పాణి, నేనూ మామయ్యగారిని తీసుకుని గదికి వెళ్ళాం. అసలు గొడవ అక్కడ మొదలైంది. లోపలికెళ్ళి 'ఇక పోతున్నా' అని చెప్పి రావాలంటే ఆయన కుర్చీ దగ్గరే నిలబడిపోయారు.

"పోతున్న అని పసిపోరితోని అంటరా ఎవలన్న? నోట్ల మన్నువడ! నేనన."

"నాయినా, అది నిజం పాప కాదే" అన్నాడు పాణి. ఆ మాట అనడానికి తనెంత కష్టపడ్డాడో నాకు తెలుసు. రాత్రంతా ఆ సాక్సుల సంగతి నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

"నిజం కాకుంటె మాత్రం? తాతను అనుకుంటాంది గద."

చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. "ఇంగ్లీషులో బై అనేయండి. ఆ మాటకి దోషం లేదు. రోజూ దుకాణాల్లో అంటూనే ఉంటారు కదా."

ఆయన అనుమానంగానే ఒప్పుకున్నారు. కుర్చీ ఎక్కేముందు నా చెయ్యి పట్టుకున్నారు. "బిడ్డా, బయటికొచ్చినంక నాకేం యాదికుండదట గద. నువ్వు యాది వెట్టుకో. ఎర్రది ఎడమ కాలుకు."

"పెట్టుకుంటాను మామయ్యగారూ."

ఆయన కళ్ళు మూసుకున్నారు. గ్రేటా నాకొక చెవి యంత్రం ఇచ్చింది. లోపల ఆయన అనే మాటలు మాత్రమే వినిపిస్తాయి, అవతలివాళ్ళవి వినిపించవు.

"ఒచ్చిన బిడ్డా... ఆఁ, ఆల్చమైంది... తిన్నవా? ఆవకాయ మూతికంటింది సూడు, ఇటు రా, తుడుస్త... అమ్మనా? అమ్మ గీడనే ఉన్నది. బయట. ఇంటాంది."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పాణి నా చెవి యంత్రానికి తన చెవి ఆనించాడు.

గ్రేటా తెర వంక చూస్తూ తల అడ్డంగా ఊపింది. బై అనే మాట రావడం లేదు. ఒకసారి "బ..." అని ఆగిపోయారు. ఆయన వల్ల కాదని నాకు అర్థమైంది. జూడిత్ సంతకం, మా ఆశ, అంతా ఆ ఒక్క చిన్న మాట దగ్గర ఆగిపోయింది.

ఇంతలో ఆయన గొంతు మారింది.

"బస్సొచ్చిందా?... నువ్వే పోతవా, ఒక్కదానివే? భయం గాదా?... అబ్బో, పెద్దదానివైతివి... సంచి సక్కగ ఏస్కో. ఏమన్నవ్?" కొంచెం ఆగారు. "మల్లొక్కసారి అను... ఆఁ. మంచిగ పోయి రా బిడ్డా. పోయి రా."

తెర మీద పచ్చగుర్తు ఆరిపోయింది. గ్రేటా కుర్చీలోంచి లేచింది.

"మూసుకుంది! ఆయన సెలవు తీసుకోలేదే. ఏం జరిగింది?"

"పాప తీసుకుంది. పోయొస్త తాతా అని అది బడికి వెళ్ళింది. ఆయన సాగనంపారు" అన్నాను.

ఆ రోజులో ఇక ఎవరూ మిగల్లేదు, అందుకని ఆ రోజు అయిపోయింది. ఎవరి నోటా కీడు మాట రాలేదు. పాపే ఆ దారి చూపించిందో, ఆయనే బస్సుని రప్పించుకున్నారో నాకు తెలీదు. తరువాత మిగిలిన మన వాలంటీర్లందరినీ గ్రేటా ఇదే పద్ధతిలో బయటికి తెచ్చింది. ఎవరూ పోతున్నామనలేదు. అందరూ ఎవరినో ఒకరిని సాగనంపి వచ్చారు.

నాలుగు రోజుల తరువాత టీ తాగుతూ అడిగాను. "ఆ గదిలో ఏం చూశారో గుర్తుందా మామయ్యగారూ?"

"ఎవలో బడికి పోయినట్టు యాది. మంచిగనే పోయిన్రు." కప్పు కింద పెట్టారు. "మీ అత్త ఉంటె చాయ్‌ల జర అల్లం ఏస్తుండె."

అత్తయ్య భద్రంగా ఉంది. నేను లేచి వెళ్ళి అల్లం దంచి తెచ్చాను.

రస్ భయపడినట్టే పత్రికలవాళ్ళు మమ్మల్ని వారంపాటు ఆడుకున్నారు. 'వెళ్ళొస్తాం పార్టీ' అని ఒక కార్టూన్ కూడా వేశారు. అంకె పోయేసరికి 'ప్రతి గడపకీ పని' కూడా పోయింది. గత్యంతరం లేక రస్ మా చిన్న విధానాన్నే ప్రకటించాడు. జూడిత్ లోయలో ప్రతి హాలుకీ వెళ్ళి ఒకే మాట చెప్పింది. నగరంలోనూ అదే చెప్పింది. "కేంద్రం మూతపడుతుంది. కానీ ముందు రెండో తలుపు తెరుచుకుంటుంది. అంతకుమించి నా దగ్గర లేదు." హాల్లో వెనక వరసవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. ముందు వరసవాళ్ళు మాత్రం ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

ఎన్నికల రోజు బడి ఆవరణలో, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం, మాంసపు సాసేజీలు కాలుస్తున్న వాసన మధ్య మామయ్యగారు ఓటేసి వచ్చి, ఎవరికి వేశారో చెప్పకుండా ఉల్లిపాయలు మాత్రం పెట్టించుకుని రొట్టె తిన్నారు.

నగరాల్లో పోయిన సీట్లు కొన్ని మాకు తిరిగొచ్చాయి. ప్రభుత్వం మాత్రం రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక లోయలో జూడిత్ ఓడిపోయింది. కొద్ది ఓట్ల తేడాతోనే ఓడింది. కొన్ని నెలలకి ప్రభుత్వం మా విధానంలో సగం తీసుకుని తనదే అన్నట్టు ప్రకటించింది. ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళకి ఇది మామూలే. పాణి ఇప్పుడు ఆ పథకంలోనే జీతంతో శిక్షణకి వెళ్తున్నాడు. ఎవరి పేరున వస్తేనేం, మా ఇంటికి అన్నం వచ్చింది. నేను రాసిన కాగితం ఒక్క ఇంటికైనా పనికొచ్చిందంటే, అందులోనూ మా ఇంటికే అంటే, నాకు కడుపు నిండిపోయింది.

లెక్క తేలిన మర్నాడు పొద్దున జూడిత్ ఇల్లిల్లూ తిరిగి కృతజ్ఞతలు చెబుతూ మా ఇంటికొచ్చింది. మామయ్యగారు అల్లం చాయ్ ఇచ్చారు.

"ఈపారి నీకే ఏసిన" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"ఇన్నేళ్ళకి మొదటిసారి నాకేశారు, నేను ఓడిపోయాను!" అని జూడిత్ నవ్వింది. ఆయనా నవ్వారు. తన కోసం ఆమె ఏం వదులుకుందో ఆయనకి తెలీదు. ఎందుకు వేశారంటే, "ఏమో, గామె నాకేదో మంచి చేసినట్టు అనిపిస్తది" అన్నారు. ఆ మాట నేను జూడిత్‌కి చెబుతుంటే ఆమె చాయ్ కప్పులోకి తలదించుకుంది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఎక్కడ ఎప్పుడు నేర్చుకుందో, నాలుక తిరగకపోయినా ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా పలికింది.

"పో-యొ-స్త, కొమురయ్యా."

ఆయన గుమ్మానికి ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి ఎత్తి, "మంచిగ పోయి రా బిడ్డా. పోయి రా" అన్నారు.

అదే గొంతు, అక్షరం తేడా లేకుండా అదే గొంతు. ఆ మాట అంతకుముందు ఎవరితో అన్నారో ఆయనకి గుర్తు లేదు. నాకుంది. ఎర్రది ఎడమ కాలికి.

జూడిత్ కారు మలుపు తిరిగింది. మామయ్యగారు నా వంక చూసి కంగారుపడ్డారు.

"గట్లేడుస్తవేంది బిడ్డా? పోయొస్త అన్నది గద. వస్తది."

"వస్తుంది మామయ్యగారూ" అన్నాను.